కాఫీ మరలో గోధుమలు

మా అమ్మమ్మగారింట్లో వంటింటి బల్ల అంచుకి ఓ కాఫీ గింజల మర బిగించి ఉండేది. పైన గుప్పెడు గింజలు పట్టే గిన్నె, పక్కన తిప్పడానికి పిడి. వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు దాన్ని తిప్పడానికి పిల్లలం పోటీపడేవాళ్లం. ఆ పోటీ రెండో గుప్పెడు దాకానే. మూడో గుప్పెడుకి రెక్కలు నొప్పి పుట్టి ఒక్కొక్కళ్లం మెల్లగా జారుకునేవాళ్లం. అంత తిప్పితే ఇంటిల్లిపాదికీ ఒక పూట కాఫీకి సరిపడా పొడి వచ్చేది.

అలాంటి మరలోనే గోధుమలు పోసి, పొద్దున్నించి రాత్రి దాకా వంతులవారీగా తిప్పి, ఆ ముతక పిండితో రొట్టె కాల్చుకుని ఒక చలికాలమంతా బతికిన కుటుంబం ఉందంటే నమ్ముతారా? ఆ ఇంట్లో పదమూడేళ్ల అమ్మాయి పెద్దదై, ముసలిదై, ఆ చలికాలం గురించి పుస్తకం రాసింది. ఆవిడే లారా ఇంగల్స్ వైల్డర్. డిగ్రీ చదివే రోజుల్లో లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఆ పుస్తకం దొరికింది నాకు. పరీక్షలు పక్కన పెట్టి రెండు రోజుల్లో చదివేశాను. అప్పుడు కథగా చదివాను. ఇప్పుడు నా చేతికి వంటిల్లొచ్చాక మళ్లీ చదివితే అందులో లారా కంటే వాళ్లమ్మ ఎక్కువ కనిపించింది.

లారా 1867 ఫిబ్రవరి 7న అమెరికాలోని విస్కాన్సిన్‌లో, పెపిన్ అనే ఊరి దగ్గర అడవిలో కట్టుకున్న కర్ర ఇంట్లో పుట్టింది. తండ్రి చార్లెస్‌కి ఒకచోట కాలు నిలిచేది కాదు. ఇంకా పడమటికి వెళ్తే ఇంకా మంచి నేల దొరుకుతుందని ఆశ. తల్లి కెరొలిన్ పెళ్లికి ముందు బడిలో పాఠాలు చెప్పింది. సామాను బండిలో సర్దడం, దించడం, మళ్లీ సర్దడం ఆవిడ వంతు. కాన్సస్ వెళ్లారు, తిరిగొచ్చారు. మిన్నెసోటాలో పంట చేతికొచ్చే వేళకి మిడతల దండు వచ్చి ఊడ్చిపెట్టింది. తొమ్మిది నెలల కొడుకు పోయాడు. 1879లో పెద్దమ్మాయి మేరీకి పద్నాలుగేళ్ల వయసులో పెద్ద జబ్బు చేసి రెండు కళ్లూ పోయాయి. అప్పటి నించి చుట్టూ ఏం కనిపిస్తోందో అక్కకి మాటల్లో చెప్పడం లారా పని. రచయిత్రి కావడానికి ఇంతకంటే మంచి బడి ఉంటుందనుకోను. అదే ఏడు రైలుమార్గం పనుల వెంట డకోటా చేరారు. మరుసటి ఏడు అక్కడ డి స్మెట్ అనే ఊరు వెలిసింది. అటూ ఇటూ ఒక్క చెట్టు లేని గడ్డి మైదానం. మధ్యలో ఒకే వీధి, రైలు స్టేషను, ఓ ఎనభై మంది జనం. బొగ్గు, పిండి, చక్కెర, కిరసనాయిలు, కలప అన్నీ రైల్లోనే రావాలి.

1880లో ఆ ఊరికి వాతావరణం గురించి ముందుగా చెప్పే నాథుడు లేడు. రేడియో లేదు సరికదా, ఊరే కొత్తది. ఉన్న హెచ్చరికల్లా చుట్టూ ఉన్న ప్రాణులే. చార్లెస్ గడ్డి కోస్తుండగా నీటి ఎలుకలు కట్టుకున్న ఇల్లు చూశాడట. ఎప్పుడూ లేనంత మందంగా ఉన్నాయి దాని గోడలు. పక్షులు ఆగకుండా దక్షిణానికి వెళ్లిపోయాయి. ఇంకో హెచ్చరిక మనిషి నోటే వచ్చిందని రాసింది లారా. ఆ నేల అసలు వారసుల్లో ఒకాయన, పండు ముసలి, ఊళ్లో కొట్టుకి వచ్చి, ఇరవై ఒక్క ఏళ్లకోసారి వచ్చే ఘోరమైన చలికాలం ఇదేననీ, ఏడు నెలలు మంచు తుపాన్లేననీ చెప్పి వెళ్లిపోయాడట. చార్లెస్ ఆ మాట పెడచెవిన పెట్టలేదు. పొలం మీది పలచటి గుడిసె వదిలి, ఊళ్లో తను కట్టిన కొట్టు భవనంలోకి కాపురం మార్చేశాడు.

నిజానికి మొదటి దెబ్బ అప్పటికే తగిలింది. అక్టోబరు నడిమిలో, ఇంకా ఆకురాలు కాలమే అనుకుంటుండగా, మూడు రోజుల మంచు తుపాను వచ్చింది. అది తగ్గాక బయటికెళ్తే గడ్డివాము పక్కన ఎవరివో పశువులు తలలు నేలకి వేలాడేసి కదలకుండా నిలబడి ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే, వాటి ఊపిరే ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ గడ్డకట్టి మంచు ముసుగైపోయింది. చార్లెస్ ఒక్కొక్కదాని మూతి మీద మంచుగడ్డ పగలగొట్టి ఊపిరాడేలా చేశాడు. ఆ పుస్తకంలో నన్ను ఎక్కువ భయపెట్టిన చోటు ఇదే. సొంత ఊపిరే ఉరితాడవడం!

ఇక కెరొలిన్ ఏర్పాట్లు. పొగమంచు తగిలి కూర పాదులు మాడిపోతే పచ్చి టమాటాలు ఏరించి ఊరగాయ పెట్టింది. పండని గుమ్మడికాయలు పారేయడానికి మనసొప్పక, పుల్లగా తియ్యగా వండి, అచ్చం ఆపిల్ పండ్లతో చేసినట్టే ఉండే పిండివంట చేసి ఇంట్లోవాళ్లని మోసం చేసింది. బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు, చిక్కుడు గింజలు లెక్కపెట్టి దాచింది. ఉన్నది మొత్తం ఎంత, తినేవాళ్లు ఎందరు, ఎన్నాళ్లు అన్న లెక్క ఆవిడ తలలోనే ఉండేది. ఎన్నాళ్లు అన్నదొక్కటే ఎవరికీ తెలియదు. నెల చివర డబ్బాలు తట్టి చూసుకునే మనకి ఆ లెక్క సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పేరుకి రైళ్లు నడుస్తున్నాయి. ఒక తుపాను వెలిశాక కూలీలు పారలతో పట్టాల మీద మంచు తవ్వుతారు, రైలు వస్తుంది, ఇంకో తుపాను కప్పేస్తుంది. జనవరి మొదట్లో రైల్వేవాళ్లు చేతులెత్తేశారు. ఇక ఎండలు ముదిరేదాకా రైలు లేదు. కొట్లలో బొగ్గు అయిపోయింది, పిండి అయిపోయింది, మాంసం లేదు, వెన్న లేదు. ఆవు పాలు తగ్గుతూ తగ్గుతూ గుక్కెడుకి వచ్చాయి.

పొయ్యిలోకి చెట్టు ముక్క లేదు. ఉన్నది ఎండుగడ్డి. గడ్డి పొయ్యిలో వేస్తే భగ్గుమని క్షణంలో ఆరిపోతుంది కదా. అందుకని మన వైపు మోపులు కట్టడానికి వెంట్లు పేనినట్టు గడ్డిని మెలిపెట్టి గట్టిగా పేని, మడిచి కట్టెల్లా చేసేవాళ్లు. తండ్రితో పాటు లారా కూడా చలికొట్టంలో నిలబడి పేనేది. గడ్డి కోసుకుని చేతులు నెత్తురోడేవి. ఒక్కో గడ్డి కట్టె కాలడానికి పట్టే సమయం మళ్లీ ఒకటి పేనడానికి పట్టే సమయం కంటే పెద్ద ఎక్కువేం కాదు. అంటే ఒకరెవరో రోజంతా పేనుతూనే ఉండాలి. రోజూ రాత్రి ఫిడేలు వాయించే అలవాటున్న చార్లెస్ వేళ్లు ఆ గడ్డి పనికి, చలికి బిరుసెక్కిపోయి ఫిడేలు పెట్టెలో పెట్టేశాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

కిరసనాయిలు అయిపోయాక కెరొలిన్ దీపం చేసింది. ఒక గుండీని చిన్న గుడ్డముక్కలో పెట్టి, కొసలు పైకి మెలిపెట్టి ఒత్తిలా చేసి, సాసరులో బండి కందెన వేసి అందులో నిలబెట్టి వెలిగించింది. తరవాత పిండి. ఊళ్లో దొరికింది విత్తనాల కోసం ఉంచిన గోధుమలే. పిండి మిల్లు లేదు. అప్పుడు ఆవిడ చూపు కాఫీ మర మీద పడింది. ఆడిస్తే వచ్చేది తవుడుతో కలిసిన ముతక పిండి. ఈస్టు లేకపోతే ముందు రోజు పిండి కొంచెం పులియనిచ్చి అందులో కలిపేది, మనం దోసెల పిండి అడుగున కొంచెం ఉంచినట్టు. తిప్పేవాళ్లలో మేరీ ముందుండేది. కళ్లు లేకపోయినా చేసే పనిది, పొయ్యి పక్కన కూచుని చేసే పని. మూడేళ్ల గ్రేస్ నించి తండ్రి దాకా ఆ ముతక రొట్టె, ఉన్నన్నాళ్లు బంగాళాదుంప, అంతే భోజనం.

ఆ పుస్తకంలో లారా దాచిన సంగతి ఒకటుంది. ఇంట్లో ఉన్నది ఆరుగురే కాదు. ఇంకో యువ దంపతులు ఆ చలికాలమంతా వాళ్లింట్లోనే ఉన్నారు. కాస్త రోజుల కోసమని వచ్చి, తుపాన్లలో చిక్కుకుపోయారు. ఆమె కాన్పు కూడా ఆ ఇంట్లోనే జరిగింది. అతను పొయ్యికి అందరికంటే దగ్గరగా కూచునేవాడనీ, ముందు వడ్డించుకునేవాడనీ, గడ్డి పేనడానికి చెయ్యి వెయ్యలేదనీ లారా 1930లో రాసుకున్న తన జీవితకథలో ఉంది. అది 2014లో గానీ అచ్చు కాలేదు. పిల్లల పుస్తకంలో మాత్రం వాళ్లని పూర్తిగా తీసేసింది. కలిసి కష్టపడిన కుటుంబం కథ మధ్య వాళ్లు ముల్లులా గుచ్చుకుంటారనుకుంది కాబోలు. నాకైతే కెరొలిన్ మీద గౌరవం ఇక్కడే రెట్టింపైంది. లెక్కపెట్టి దాచిన దుంపల్లోంచి ఏ మొహమాటానికో, ఏ జాలికో అదనంగా ఇద్దరికి, తరవాత బాలింతకి పెట్టిన మనిషి కదా. మనిళ్లలోనూ ఇలాంటి చుట్టాలు లేకపోలేదు, పేర్లెందుకు.

గోధుమలూ అయిపోవచ్చాయి. ఊరికి మైళ్ల అవతల ఎక్కడో ఒక రైతు దగ్గర గోధుమలున్నాయని వార్త. ఉన్నాయో లేవో తెలియదు, ఇల్లెక్కడో సరిగ్గా తెలియదు, ఎప్పుడు తుపాను కమ్ముతుందో తెలియదు. ఇద్దరు కుర్రాళ్లు గుర్రాలు కట్టిన మంచుబళ్లు వేసుకుని బయల్దేరారు. అందులో ఒకడు అల్మాంజో వైల్డర్. దారిలో మంచు కింద బోలుగా ఉన్నచోట గుర్రాలు కూరుకుపోతే తవ్వి తీసుకుంటూ వెళ్లి, విత్తనాలమ్మనని మొండికేసిన రైతుని ఒప్పించి, చీకటిపడ్డాక గోధుమలతో తిరిగొచ్చారు. సొమ్ము పెట్టిన కొట్టు యజమాని ఆ గోధుమల్ని కొన్న ధరకి రెట్టింపు పైన అమ్మబోతే ఊళ్లో మగవాళ్లంతా వెళ్లి నిలబడ్డారు. మళ్లీ ఎండాకాలం వస్తుంది, అప్పుడు మేం నీ కొట్టుకే రావాలని ఏముందని నిదానంగా అడిగితే, చివరికి కొన్న ధరకే ఇచ్చాడు. గోధుమలు పంచుకున్నారు.

రైలు మే నెలలో వచ్చింది. అందులో ఎవరో క్రిస్మస్‌కి పంపిన పీపా ఉంది. గడ్డకట్టిన టర్కీ కోడితో సహా. కెరొలిన్ తెల్లపిండితో రొట్టె చేసింది. మే నెలలో క్రిస్మస్ చేసుకున్నారు.

ఆ ఏడే మేరీ అయోవా రాష్ట్రంలో అంధుల కాలేజీకి వెళ్లింది. అక్క చదువుకి సాయంగా ఉంటుందని లారా పదిహేడు నిండకుండానే ఊరికి దూరంగా ఓ బడిలో పంతులమ్మగా చేరింది. ప్రతి శుక్రవారం అంత చలిలోనూ మంచుబండి వేసుకొచ్చి ఇంటికి తీసుకెళ్లినవాడు అల్మాంజోనే. 1885 ఆగస్టు 25న పెళ్లి. భర్తకి విధేయురాలిగా ఉంటాననే మాట ప్రమాణంలో తను అననని ముందే చెప్పింది లారా. అల్మాంజో సరేనన్నాడు. 1886 డిసెంబరులో కూతురు రోజ్ పుట్టింది.

రోజ్‌కి ఏడాది నిండిన మరుసటి నెల, 1888 జనవరి 12న, ఆ మైదానాల్లో ఇంకో మంచు తుపాను వచ్చింది. దాన్ని ఇప్పటికీ బడిపిల్లల తుపాను అంటారు. పొద్దున్న వెచ్చగా ఉందని పిల్లలు కోట్లు లేకుండా బడికెళ్లారు. కొన్ని చోట్ల బడి వదిలే వేళకే వచ్చి పడింది. తన చెయ్యి తనకి కనిపించనంత మంచుధూళి, ఇంటి గుమ్మానికి పది అడుగుల దూరంలో దారి తప్పి పోయినవాళ్లున్నారు. చనిపోయినవాళ్లు 235 మంది అని అంచనా. అందులో పిల్లలు చాలామంది. అప్పటికి హెచ్చరిక అనేది లేకపోలేదు. సైన్యంలో సిగ్నల్ విభాగం టెలిగ్రాఫ్ మీద వాతావరణ సూచనలు పంపేది. చలిగాలి ముంచుకొస్తోందంటే మధ్యలో నల్ల చదరం ఉన్న తెల్ల జెండా ఎగరేసేవారు. కానీ ఊళ్లో ఎగరేసిన జెండా పొలాల మధ్య ఒంటిగది బడికి ఏం కనిపిస్తుంది? నీటి ఎలుక ఇంటి గోడైనా నయం, పొలంలోనే ఉంటుంది.

లారా బతుకులో తరవాతి ఏళ్లు చెప్పుకోవాలంటే బాధే. భార్యాభర్తలిద్దరికీ డిఫ్తీరియా, అందులో అల్మాంజోకి పక్షవాతం తగిలి కాలు ఈడ్చడం, 1889 ఆగస్టులో పసికొడుకు పేరు పెట్టకుండానే పోవడం, అదే నెలలో ఇల్లు కాలిపోవడం, వరసగా కరువు. 1894లో ఏడేళ్ల కూతురితో బండి కట్టుకుని మిస్సోరీలోని మాన్స్‌ఫీల్డ్ చేరారు. ఓజార్క్ కొండల ప్రాంతం. అక్కడే కొండరాళ్ల నేల కొని ఆపిల్ తోట వేసి, కాస్త కాస్తగా ఇల్లు కట్టుకున్నారు.

డకోటా చలి వేరు, ఈ కొండల చలి వేరు. డకోటాది పొడి మంచు, ఈదురుగాలి. ఇక్కడ అప్పుడప్పుడూ ఐస్ స్టార్మ్ వస్తుంది. పైన గాలి కాస్త వెచ్చగా, నేల దగ్గర గడ్డకట్టే చలిగా ఉంటే వాన చినుకు నీళ్లగానే దిగి, తగిలిన చోటల్లా గాజులా గడ్డకడుతుంది. కొమ్మ, తీగ, మెట్టు, రోడ్డు అన్నిటికీ గాజు తొడుగే. చూడ్డానికి పెళ్లిపందిరి. తెల్లారేసరికి ఆ బరువుకి చెట్లు విరిగి, తీగలు తెగి ఉంటాయి. ఇప్పుడైతే పావు అంగుళం మందం గడ్డకట్టేలా ఉందంటే వాతావరణ శాఖ ఐస్ స్టార్మ్ వార్నింగ్ ఇస్తుంది. మంచినీళ్లు, మందులు, వండక్కర్లేని తిండి, దుప్పట్లు, టార్చిలైటు దగ్గరుంచుకోమంటుంది. ఇంట్లో బొగ్గులు, జనరేటరు వెలిగించొద్దని మరీ మరీ చెబుతుంది.

మా పిన్ని కూతురు డల్లాస్‌లో ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌కి అలాంటి గడ్డు చలి వచ్చినప్పుడు ఫోన్ చేసింది. హెచ్చరిక ముందే వచ్చింది, పాలు రొట్టెలు తెచ్చుకుంది, అన్నీ ఉన్నాయి. కరెంటే పోయింది. హీటరు కరెంటుది, పొయ్యి కరెంటుది. బియ్యం ఉండీ అన్నం లేదు. నలుగురూ ఒకే గదిలో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, నానబెట్టిన అటుకులు తిన్నారట. కుంపటి ఎలా చెయ్యాలక్కా అని అడిగితే నాకు ఒళ్లు జలదరించింది, తలుపులు మూసిన ఇంట్లో బొగ్గులు రాజేస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి. ఆ వారం అక్కడ అలాంటి విషవాయువుతో పోయినవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం లెక్కన మొత్తం 246 మంది చనిపోయారు. ఫోన్ పెట్టేశాక నాకు గుండీ దీపం గుర్తొచ్చింది. హెచ్చరిక లేని ఇంట్లో కాఫీ మర ఉంది, చేతులున్నాయి. హెచ్చరిక ఉన్న ఇంట్లో ఒక్క తీగ తెగితే తిప్పుకోవడానికి ఏ పిడీ లేదు. అలాగని కెరొలిన్ రోజులు మంచివని నేననను, ఆ చేతుల నెత్తురు చదివినదాన్ని.

మాన్స్‌ఫీల్డ్‌లో లారాకి పేరు తెచ్చింది మొదట కోళ్లు. చలికాలంలో పక్కవాళ్ల కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తే ఆవిడ కోళ్లు పెట్టేవట. ఆ కిటుకులు చెప్పబోయి 1911లో మిస్సోరీ రూరలిస్ట్ అనే రైతుల పత్రికకి రాయడం మొదలెట్టింది. పాడి, వంటిల్లు, ఇరుగుపొరుగు, పొదుపు, ఆడవాళ్ల పనికి విలువ కట్టకపోవడం, అన్నీ రాసింది. ఇదిగో, మీరు చదువుతున్న ఇలాంటి పేజీలకి రాసే మాలాంటి వాళ్లకి వరసకి పెద్దమ్మ అన్నమాట. అప్పటికి ఆవిడకి నలభై నాలుగేళ్లు. మొదటి పుస్తకం 1932లో వచ్చేసరికి అరవై అయిదు. చెయ్యి తిరిగిన రచయిత్రి అయిన కూతురు రోజ్ వాటిని బాగా దిద్దింది. ఎంత తల్లిది, ఎంత కూతురిది అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ చలికాలం పుస్తకానికి లారా పెట్టిన పేరు కఠినమైన శీతాకాలం. పిల్లల పుస్తకానికి అంత కటువు పేరెందుకని ప్రచురణకర్తలు సుదీర్ఘ శీతాకాలంగా మార్చి 1940లో వేశారు.

ఆవిడ రాసినవన్నీ నాకు నచ్చాయని కాదు. ఆ నేల మీద ముందునించీ ఉన్న జనాన్ని గురించి ఆ పుస్తకాల్లో కొన్ని మాటలు చదివితే మొహం ముడుచుకుంటాం. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘంవాళ్లు పిల్లల సాహిత్యానికి ఆవిడ పేరుతో ఇచ్చే బహుమతికి ఆ పేరు తీసేశారు. తీసెయ్యాల్సిందేనా అంటే నాకూ రెండు మనసులే. కానీ కొట్టుకొచ్చి హెచ్చరించిన ఆ ముసలాయన్ని తలుచుకుంటే ఒకటి తడుతుంది. తన వాళ్ల నేలలో వచ్చి కూచున్నవాళ్లకి ఆయన ఆ మాట చెప్పక్కర్లేదు. చెప్పాడు. ఆ పుస్తకంలో ఆయనకి పేరు లేదు.

అల్మాంజో 1949లో పోయాడు. లారా 1957 ఫిబ్రవరి 10న, తొంభై నిండిన మూడో రోజున, ఆ కొండల ఇంట్లోనే కన్నుమూసింది. మాన్స్‌ఫీల్డ్‌లో ఆవిడ సామానంతా మ్యూజియంలో ఉంచారు. అందులో చార్లెస్ ఫిడేలు కూడా ఉంది. గడ్డి పేని వేళ్లు బిరుసెక్కి, ఆ చలికాలం పెట్టెలో పెట్టేసిన ఫిడేలు అదే.